తమ్ముడి కారుకు ఇంకో రెండేళ్లు

కారు కంపెనీ వాళ్ల కార్డు మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అంతకు ముందటి ఎనిమిది నెలల్లో ఏ ఒక్క రోజూ గుర్తు లేదు. బడికి పోయాను, లెక్కలు చెప్పాను, పేపర్లు దిద్దాను. ఎవరికి ఎన్ని మార్కులు వేశానో, ఏ పండగ ఎప్పుడొచ్చి పోయిందో అడిగితే చెప్పలేను. తప్పాల్సిన వాళ్లను గట్టెక్కించానో, గట్టెక్కాల్సిన వాళ్లను ముంచానో కూడా తెలీదు. ఆ ఏడు నా చేతిలో పడిన పిల్లలు నన్ను మన్నించాలి.

మా ఊరు బెళుగుప్ప దగ్గర. నేను ఊరికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. చదువు అబ్బలేదు గానీ వాడికి తక్కినవన్నీ అబ్బినాయి. చీనీ తోట (మీరు బత్తాయి అంటారు) పెట్టింది వాడే, బోరు వేయించింది వాడే, ఇంటి ముందర నిలబడిన తెల్ల కారు కొన్నదీ వాడే. కారు కొన్న ఏడాది మీద మూడు నెలలకు, తోటలో మోటారు స్టార్టర్ పెట్టె బాగు చేస్తూ కరెంటు కొట్టి పోయాడు. అప్పటికి వాడికి ఇరవై ఐదేళ్లు. కరెంటు పోయిందనుకుని చెయ్యి పెట్టాడని, ఉన్నట్టుండి మళ్లీ వచ్చిందని ఊళ్లో అందరూ చెప్పుకున్నారు. మా వైపు ఏడాదికి ఇద్దరు ముగ్గురు అట్లా పోతూనే ఉంటారు కాబట్టి ఎవరూ ఎక్కువ అడగలేదు.

దినాలు అయిపోయాక ఇల్లు ఒక రకంగా ఆగిపోయింది. నాయన వసారాలో నులక మంచం మీద పడుకున్నాడు. జబ్బేమీ లేదు. తినమంటే తినేవాడు, నీళ్లు పోసుకోమంటే పోసుకునేవాడు, మళ్లీ వచ్చి పడుకునేవాడు. అమ్మ మాత్రం ముగ్గురికి బదులు నలుగురికి సంగటి కెలికేది. మిగిలిన ముద్దను బర్రెకు వేసేది. తోట వైపు ఎవరమూ పోలేదు. చీనీ చెట్లు ఎండుతున్నాయని దారిన పోయేవాళ్లు చెప్తే "ఊ" అనేవాళ్లం. నాకు ఏడుపు రాలేదు, ఆకలి కాలేదు, కోపం కూడా రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, నాకు ఒళ్లంతా అట్లాగే ఉండేది. వాడు చచ్చిపోయాడన్న మాట ఇంట్లో ఒక్కరి నోటా రాలేదు. తప్పనిసరైనప్పుడు "అది జరిగినాక" అనేవాళ్లం.

కార్డు వచ్చింది అట్లాంటి ఒక మధ్యాహ్నం. పైన తమ్ముడి పేరు. లోపల ఇంగ్లీషులో రెండు ముక్కలు: మీ కారు మీద మా రెండేళ్ల వారంటీ ఇంకో నెలలో ముగుస్తుంది, కొద్ది మొత్తం కట్టి ఇంకో రెండేళ్లు పొడిగించుకోండి, మీ ప్రయాణాలు సుఖంగా సాగాలి. ఇంటికి ఏ కాగితం వచ్చినా పైకి చదివి తెలుగులో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. చదివేశాను. చదివాక, వాడికి ప్రయాణాలు సుఖంగా సాగాలని ఎందుకు చదివానా అనుకున్నాను.

నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఇంకా ఎన్ని దినాలుండాది?"

"ఇరవై ఎనిమిది."

"అయితే బిరీన పోయి కట్టల్ల."

నేను కార్డు మడిచాను. "ఎవరు తోలతారు నాయనా దాన్ని? ఎనిమిది నెలల్నుంచి ముట్టుకున్నోళ్లు లేరు. తిరగని బండికి గ్యారంటీ ఏమిటికి?"

"తిరగకపోతే పోనీ. వాడు కొన్న వస్తువు. చెడిపోతే అడిగేదానికి ఒకడుండల్ల."

చచ్చిన బర్రెకు పగిలిన చట్టెడు పాలన్నట్టు ఇదేం పిచ్చి అని నోటిదాకా వచ్చింది. ఆ సామెతలోని మొదటి మాటే నన్ను ఆపింది. అమ్మ వంటింటి గడప మీదికి వచ్చి, నాయన వినేట్టుగానే అంది. "మీ నాయన జతకు పో. ఎన్నాళ్లకో లేచి కూచున్నాడు. కాదంటే మల్ల పండుకుంటాడు."

అదీ సంగతి. కారు కోసం కాదు. నాయన మళ్లీ ఆ మంచం మీద పడుకుంటే ఇక లేవడని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు.

మొదట బస్సులో అనంతపురం పోయాం, తమ్ముడు కారు కొన్న షోరూముకే. నాయన తెల్ల పంచె కట్టాడు, కొత్త టవలు వేసుకున్నాడు. కౌంటర్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పొడిగింపు అనగానే ముఖం విప్పార్చి ఒక రంగుల కాగితం తీసింది. ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు, వైరింగు, ఏది పోయినా రెండేళ్లపాటు కంపెనీదే పూచీ అని ఒక్కొక్కటీ వేలితో చూపించింది. నాయన ఒక్కొక్క దానికీ తల ఊపాడు. ఆయన దేనికైనా తల ఊపి చాలా కాలమైంది.

"బండి ఎవరి పేరు మీదుందండీ?"

నేను చెప్పాను.

"ఆయన రావాలండీ. ఫారం మీద ఓనర్ సంతకం కావాలి. బండి కూడా ఒకసారి తెస్తే చెక్ చేస్తాం."

నాయన వెంటనే అన్నాడు. "వాడు బెంగళూరుకు పోయినాడమ్మా."

ఆ అమ్మాయికి ఏ అనుమానమూ రాలేదు. రాదు కూడా. వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొడితే మా జిల్లాలో సగం ఇళ్ల మగపిల్లలు బెంగళూరులో కట్టడాల పనిలోనో, ఏదో ఒక గేటు దగ్గర కాపలాగానో ఉంటారు. ఎవరి కొడుకు ఏడీ అంటే బెంగళూరు అంటారు, విన్నవాళ్లు సరే అంటారు. మా వైపు ఇంతకంటే నమ్మకమైన అబద్ధం లేదు.

"అయితే ఆదివారం రమ్మనండి పెద్దాయనా. ఒక్క గంట పని."

"వానికి సెలవుండదమ్మా," అన్నాడు నాయన.

బయట బంకు దగ్గర టీ తాగాం. ఎందుకు అట్లా చెప్పావని అడగాలనుకున్నాను. అడిగితే నువ్వెందుకు నిజం చెప్పలేదని ఆయన అడగవచ్చు. బండి పేరు మార్చుకోవడమంటే డెత్ సర్టిఫికెట్ తేవాలి. ఎనిమిది నెలలైనా దాన్ని తెచ్చుకోవడానికి మాలో ఒక్కరం కూడా పంచాయతీ ఆఫీసు గడప తొక్కలేదు. టీ వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలియకుండానే తాగేశాను.

"ఈడ కాకపోతే ఇంకోకాడ. దుకానమొకటేనా ఉండేది," అన్నాడు నాయన.

అట్లా మొదలైంది మా తిరుగుడు. విత్తనాల కోసం నాలుగంగళ్లు తిరిగే మనిషి ఆయన. ఒక చోట లేదంటే ఇంకో చోట ఉంటుందని ఆయన నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ రోజూ పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఈ పొద్దు యాడికి పోదామని అడిగే మనిషిని కాదనే ధైర్యం కూడా లేదు.

కళ్యాణదుర్గంలో ఒక ఏజెంటు ఉన్నాడని ఎవరో చెప్పారు. మనిషికి, పశువుకు, బండికి, పంటకు, దేనికైనా పాలసీ రాస్తాడట. మేడ మీద చిన్న గది. గోడ నిండా క్యాలెండర్లు, ఒక్కటీ ఆ ఏడాదిది కాదు. మేం కూర్చోకముందే అరచేతిలో వైకుంఠం చూపించాడు.

"కంపెనీ వాళ్ల గ్యారంటీ ఏమిటికన్నా? వాళ్లు ఇచ్చేది రెండేళ్లు, మనమిచ్చేది అయిదేళ్లు. ఓనర్ రానక్కర్లా, బండి తేనక్కర్లా. పేరు చెప్పు, రాసుకుంటా."

నాయన ముఖంలో వెలుగు వచ్చింది. పేరు చాలు, మనిషి అక్కర్లేదు. ఆయన వెతుకుతున్న దుకాణం ఇదే. అయినా సేద్యం చేసిన మనిషి కదా, సంచి విప్పి గింజ చూడందే కొనడు. కాగితం నా చేతికిచ్చి వెనక వైపు చదవమన్నాడు. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. చదివాను. అరిగిపోయిన భాగాలకు వర్తించదు. వేడెక్కడం వల్ల కలిగే నష్టానికి వర్తించదు. దుమ్ము వల్ల, రోడ్డు గుంతల వల్ల, ఇంధనం నాణ్యత వల్ల కలిగే నష్టానికి వర్తించదు.

నాయన వేళ్లు మడుస్తూ విన్నాడు. "ఏమప్పా, మా ఊర్లో ఉండేదే దుమ్ము, గుంత, ఎండ. ఇవి మూడూ తీసేస్తే బండి ఎట్ల చెడిపోతాది?"

"అది కంపెనీ రూల్సన్నా. అన్నిచోట్లా అట్లే ఉంటాది."

"ఇంజను పోతే ఇస్తావా, ఇయ్యవా? అది చెప్పు."

"ఎందుకు పోయిందో చూసి ఇస్తాం."

నాయన లేచాడు. మెట్లు దిగుతూ, నీళ్లు చూసేవాడు కూడా ఇంతే అన్నాడు. మా దగ్గర బోరు వేసే ముందు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడిచి నీళ్లున్న చోటు చెప్పేవాళ్లుంటారు. టెంకాయ నిక్కి నిలబడిన చోట రాయి పెట్టిస్తారు. "మూడించుల నీళ్లు పడతాయి, నాది గ్యారంటీ అంటాడు. పడకపోతే నీ రాశి మంచిది కాదంటాడు." నాకు నవ్వు వచ్చింది. వచ్చిందని ఇప్పుడనుకుంటున్నాను, అప్పుడు పెదవులు కదిలాయేమో అంతే. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటమే నాకు వింతగా ఉంది.

ఇంకో పన్నెండు రోజుల గడువుంది. కంబదూరులో ఒక మెకానిక్‌ను అడిగాం, నా చేతికంటే గ్యారంటీ ఏముందన్నాడు. తమ్ముడికి పరిచయమున్న ట్రాక్టర్ షోరూములో అడిగాం, కార్లకు తెలీదన్నారు. చివరికి అక్కడి గుమాస్తానే ఒక దారి చెప్పాడు. కంపెనీ ఒక్కటే అయితే ఏ ఊరి షోరూములోనైనా పొడిగించుకోవచ్చట. బళ్లారిలో మేనేజరు మంచివాడు, రైతు బిడ్డ, చూసీ చూడనట్టు పోతాడు, బండి తీసుకుని అక్కడికి పోండి అన్నాడు.

బండి తీసుకుపోవాలంటే ముందు అది కదలాలి. టార్పాలిన్ తీస్తే పైన వేలెడు దుమ్ము. బ్యాటరీ చచ్చిపోయింది, టైర్లలో గాలి లేదు. ట్రాక్టరు బ్యాటరీ నుంచి వైర్లు కలిపి స్టార్టు చేశాం. ఇంజను చప్పుడు వినగానే అమ్మ ఇంట్లోంచి పరుగున వాకిట్లోకి వచ్చింది. స్టీరింగు దగ్గర నన్ను చూసి, లోపలికి పోయింది. ఆ ఒక్క క్షణం ఆమె ఎవరి కోసం వచ్చిందో నాకు తెలుసు. తెలిసీ నాకేమీ అనిపించలేదు. గేరు వేసి బయలుదేరాను.

ఉరవకొండ మీదుగా బళ్లారి పోయేసరికి పది దాటింది. దారి పొడుగునా ఎండిన వేరుశెనగ చేలు. మేనేజరుకు నలభై ఏళ్లుంటాయి. మా నాయన కన్నడంలో నాలుగు మాటలు అనగానే కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. బెంగళూరు. ఆయన కూడా తల ఊపాడు. ముందు బండి చూద్దాం పదండి అన్నాడు.

బండి చూసింది వాళ్ల మెకానిక్. ఇంజను బాగుందన్నాడు, తిరిగిన కిలోమీటర్లు తక్కువేనన్నాడు. తర్వాత వెనక సీటు కింద మ్యాటు ఎత్తి ఆగిపోయాడు. టార్చి వేసి మేనేజరును పిలిచాడు. కింద రేకు మొత్తం తుప్పు పట్టి, పెచ్చులు లేచి ఉంది.

"ఇది వరదలో మునిగిన బండి సార్. మునిగిన బండికి పొడిగింపు లేదు."

నాయన ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి, పళ్లు కనబడేలా.

"వరదా? బెళుగుప్పలోనా? నీ నోట్లో చక్కెర పోయ. మాకు వరద వస్తే ఈ బండి ఏమిటికప్పా, ఊరంతా మునిగినా సంతోషమే."

అప్పుడు ఆయన చెప్పాడు. కారు కొన్న తర్వాత వచ్చిన ఎండాకాలం మా బోరు ఆగి ఆగి పోసేది. చీనీ మొక్కలు వాలిపోతున్నాయి. తమ్ముడు కొత్త కారు వెనక సీటు ఊడదీసి, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టుకుని, రెండు మైళ్ల అవతల పక్క ఊరి వాళ్ల బోరు నుంచి నీళ్లు తోలాడు. రోజుకు ఆరు ట్రిప్పులు, అట్లా డెబ్బై రోజులు. డ్రమ్ములకు మూతలు సరిగా పట్టేవి కావు, గుంతలో పడినప్పుడల్లా నీళ్లు తొణికేవి. ఊళ్లో అందరూ నవ్వారు. కారుకు నీళ్లెత్తిన మొగోడు అన్నారు. మొక్కలు మాత్రం బతికాయి.

ఇదంతా చెప్తున్నప్పుడు నాయన కళ్లలో గర్వం చూశాను. నాకు సిగ్గేసింది. ఆ డెబ్బై రోజులూ నేను కూడా నవ్విన వాళ్లలోనే ఉన్నాను. ఒక్క ట్రిప్పుకైనా డ్రమ్ము పట్టలేదు.

మేనేజరు చాలాసేపు రేకునే చూశాడు. ఆయనా మెట్ట సేద్యం ఎరిగిన మనిషే. సరే, దారి చూద్దాం అని మమ్మల్ని లోపలికి పిలుచుకుపోయాడు. ఈ తుప్పు వరద వల్ల కాదు, నీళ్లు తోలడం వల్ల వచ్చిందని ఓనర్ ఒక లెటర్ రాసివ్వాలి. కింది రేకును వదిలేసి ఇంజనుకు, గేరుబాక్సుకు రెండేళ్లు ఇచ్చేస్తాను అన్నాడు.

"మావాడు బెంగళూరులో..." అన్నాడు నాయన.

మేనేజరు నా వైపు చూశాడు. "మీరు వాళ్లన్న కదా? టీచరు కూడా. తమ్ముడి పేరుతో మీరే రాసి సంతకం పెట్టేయండి. నేనేమీ చూడలేదు."

తెల్ల కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు. నేను రాయడం మొదలుపెట్టాను. నాకు ఏ సందేహమూ రాలేదు. తప్పనిపించలేదు, ఒప్పనిపించలేదు, ఒక లెక్క ఎక్కించినట్టు రాస్తూ పోయాను. "నేను బెళుగుప్ప మండలంలోని రైతును. నేను మా తోటలో చీనీ మొక్కలను కాపాడుకోవడానికి నా కారులో నీళ్లు తోలాను." నేను, మా, నా. రెండో వాక్యం దగ్గర వేళ్లు కాస్త బిగుసుకున్నాయి. అంతే.

చివరి వాక్యం మేనేజరు చెప్పాడు. ఇట్లాంటి ఉత్తరాలన్నిటికీ అదే ముగింపట. "జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత నాదే అని రాయండి. కింద సంతకం."

రాశాను. సంతకం పెట్టే ముందు, మొత్తం ఒకసారి చదువు అన్నాడు నాయన. అలవాటు ప్రకారం మొదటి నుంచీ చదివాను. "జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత నాదే" అని చదివి, పెన్ను కింద ఆనించాను.

నాయన చెయ్యి కాగితం మీద పడింది.

"వద్దు. అట్ల రాయద్దు. బాధ్యత వానిది కాదు."

"అది రూలు కోసం రాసేది పెద్దాయనా," అన్నాడు మేనేజరు. "రేకు సంగతి అంతే. మీవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు."

"వాడు బెంగళూరులో లేడు సార్." నాయన చెయ్యి కాగితం మీదే ఉంది. "వాడు చచ్చిపోయినాడు. ఎనిమిది నెలలాయ. బోరుకాడ కరెంటు కొట్టి చచ్చిపోయినాడు. బాధ్యత నాది."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. నేను పెన్ను మూత పెట్టాను. అది ఒక్కటే నాకు తోచిన పని.

"మా కాడ బోరు పక్కన స్తంభానికి ఒక బల్బు కట్టుకుంటాం సార్," అన్నాడు నాయన, మేనేజరుతోనే, నా వైపు చూడకుండా. "సేద్యం కరెంటు ఎప్పుడొస్తాదో ఎప్పుడు పోతాదో తెలీదు. బల్బు ఎలిగితే వచ్చినట్ల, ఆరితే పోయినట్ల. ఊర్లో అందరమూ అట్లే చూస్తాం. ఆ పొద్దు వాడు స్టార్టర్ పెట్టెకు కట్టిన రాళ్లగూట్లో కూచోని మూత ఇప్పినాడు, లోపలికి బల్బు కనపడదు. నాయనా, కరెంటు పోయిందా చూడు అన్నాడు. నేను బయట ఉండా. బల్బు ఆరిపోయిండాది. పోయిందిరా, చెయ్యి పెట్టు అన్నా. వాడు ఫీజు పీకి వస్తానన్నాడు. ఫీజు పీకల్లంటే ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోవల్ల. అంత దూరం ఏమిటికిరా, నేను చూస్తాండా కదా అన్నా."

ఆయన టవలుతో నోరు తుడుచుకున్నాడు.

"కరెంటు పోలేదు సార్. బల్బు మాడిపోయిండాది."

మేనేజరు లేచి వచ్చి నాయన భుజం మీద చెయ్యి వేసి, కన్నడంలో ఏదో అన్నాడు. కాగితం నేనే చించాను. పేరు మార్చుకుని రండి, నేను చేతనైంది చేస్తానని ఆయన గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. మిగిలింది నాలుగు రోజులు. అంతలో పని కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

తిరుగు దారిలో నాకు కోపం వచ్చింది. దాచిపెట్టి లాభం లేదు, రాస్తున్నాను కాబట్టి రాస్తాను. పక్కన కూర్చున్న ముసలి మనిషిని చెంప మీద కొట్టాలనిపించింది. బండి ఆపి దింపేసి పోవాలనిపించింది. ఎనిమిది నెలల్లో నాకు స్పష్టంగా తెలిసిన మొదటి సంగతి ఆ కోపమే. స్టీరింగు పట్టుకున్న చేతుల్లో నెత్తురు పారడం తెలిసింది. ఎండ తెలిసింది, దాహం తెలిసింది. వాడు లేడని తెలిసింది. ఏడుపు వచ్చి దారి కనబడక ఒకచోట ఆపుకోవాల్సి వచ్చింది. నాయన కదలకుండా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. నన్ను ఓదార్చలేదు. ఓదార్చే హక్కు తనకు లేదనుకున్నాడేమో.

ఉరవకొండ దాటాక ఆయనే అన్నాడు. "మీయమ్మకు తెలీదు."

నేను గేరు మార్చాను.

"నువ్వు చెప్తావా?"

"చెప్పను."

"ఆయమ్మ అడిగితే?"

"కరెంటు మల్ల వచ్చిందని చెప్తా."

నెలాఖరుకు గ్యారంటీ గడువు దాటిపోయింది. సర్టిఫికెట్ నాయనే పోయి తెచ్చాడు, కారు నా పేరు మీదికి మారింది, రెండేళ్లు తోలి అమ్మేశాను. నాయన మళ్లీ మంచం ఎక్కలేదు. తోటకు పోయి ఎండిన చీనీ చెట్లను ఒక్కడే నరుక్కున్నాడు, ఆ చోట ఉలవలు చల్లాడు. మేమిద్దరం అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్లం. నా కోపం ఆయన పోయిన తర్వాత కూడా కొంతకాలం మిగిలింది.

ఆయన తర్వాత అమ్మ మూడేళ్లుంది. ఆ మూడేళ్లలో రెండు సార్లు అడిగింది. ఒకసారి జొన్నలు చెరుగుతూ, ఒకసారి ఆసుపత్రి మంచం మీద, నా చెయ్యి పట్టుకుని. "ఆ పొద్దు మీ నాయన ఆడనే ఉన్నాడు కదరా. చూసుకోల్యాకపోయినాడా?"

చూసుకున్నాడనే చెప్పాను. కరెంటు పోయింది, ఉన్నట్టుండి మళ్లీ వచ్చింది, ఎవరు మాత్రం ఏం చేస్తారమ్మా అన్నాను. రెండు సార్లూ అదే చెప్పాను. రెండోసారి ఆమె నా ముఖం వైపు చాలాసేపు చూసి, "నువ్వు ఆడ లేవు కదరా" అంది.